పిల్లలతో ఇబ్బంది లేదు, పెద్దవాళ్లకు ట్రైనింగ్ ఎలా ఇవ్వాలి?

నమస్తే అండీ. మాది మల్కాజిగిరి. కాలనీ కమ్యూనిటీ హాల్లో ప్రతి ఆదివారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకు యూత్ గ్రూప్ నడుపుతున్నాం. నడిపించడానికి ఆరుగురు పెద్దవాళ్లు ముందుకొచ్చారు. అందరివీ మంచి మనసులే, కానీ మైకు చేతికొస్తే వదలరు.

పోయిన వారం పాత పేపర్లు, టేపుతో వంతెన కట్టే ఆట పెట్టాం. రిటైరైన అంకుల్ ఒకాయన రూల్స్ చెప్పడం మొదలుపెట్టి, తన ఉద్యోగం, క్రమశిక్షణ మీదుగా నలభై నిమిషాలు లాగారు. వెనక ఒకమ్మాయి టేపు చుట్టను గోటితో గీకుతూ కూర్చుంది. కట్టడానికి టైమే మిగల్లేదు.

స్కౌట్స్‌లో పెట్రోల్ (patrol, అంటే చిన్న జట్టు) పద్ధతి ఉంటుంది కదా, ఆరేడుగురు పిల్లల జట్టుకు వాళ్లలోనే ఒకరు లీడర్, పెద్దవాళ్లు పక్కన ఉండి చూసుకుంటారు. మాకూ అదే కావాలి. రెండు ఆదివారాల్లో వాలంటీర్లకు ఇది అలవాటు చేయాలంటే ఏం చేయించాలి? ముందు వాళ్లతోనే ఆ ఆట ఆడిస్తే పనిచేస్తుందా?

ఇంకోటి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే 2012 పోక్సో చట్టం, పిల్లల సాయం కోసం ఉన్న 1098 హెల్ప్‌లైన్ గురించి వాలంటీర్లకు చెప్పాం. పిల్లలెవరితోనూ గదిలో ఒంటరిగా ఉండొద్దన్నాం. "మమ్మల్నే అనుమానిస్తారా?" అని ఒకావిడ నొచ్చుకున్నారు. ఈ మాట మీరెవరైనా నొప్పించకుండా చెప్పగలిగారా? ఎలా చెప్పారు?

అంకుల్‌కు మైకు సంగతి ఎవరు చెప్పాలన్నది అసలు టెన్షన్. ఆయన మా నాన్నగారి స్నేహితుడు మరి.