అప్‌డేట్: బోరు నీళ్లు ఎందుకు ఎర్రబడుతున్నాయో తెలిసింది

కావలి దగ్గర మా ఊళ్లో బోరు నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లారేసరికి బిందె అడుగున ఎర్రటి మడ్డి ఎందుకు చేరుతోందని పోయిన వారం అడిగాను కదా, పరీక్ష చేయిస్తే ఇనుమని తేలింది. లీటరుకు 3 మిల్లీగ్రాములు, ఉండాల్సింది 1 లోపే. భూమి లోపల ఆక్సిజన్ అందదు కాబట్టి ఇనుము +2 స్థితిలో (అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రూపంలో) కరిగి ఉంటుంది, అంత కొద్ది మోతాదులో రంగు కనిపించదు. పైకొచ్చి గాలి తగిలాక ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని +3 అవుతుంది, ఇక కరగలేక తుప్పు రంగు మడ్డిగా దిగుతుంది. అమ్మ పెట్టే టీ నల్లబడేదీ ఇందుకే, టీకి వగరు ఇచ్చే టానిన్లనే పదార్థాలు +3 ఇనుముతో కలిస్తే నలుపు. అప్పుడు జవాబుల్లో మీరు చెప్పినట్టే, గాలి బాగా తగిలేలా నీళ్లు ఎత్తు నుంచి ధారగా పోసి, రాత్రంతా ఉంచి, ఇసుకలో వడకట్టాం. ఈరోజు టీ మామూలు రంగులో వచ్చింది, చాలా థ్యాంక్స్ అండీ.