అప్‌డేట్: పెరట్లో స్మోకర్ సంగతి

పెరట్లో స్మోకర్ (బొగ్గు, కట్టెల పొగతో మాంసం వండే పొయ్యి) వాడొచ్చా, పక్కింటికి పొగ వెళ్తోంది, ఏం చేయాలి అని అడిగాను కదా. అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాను. నిషేధం లేదు, కానీ గోడకూ చెక్క కంచెకూ 3 మీటర్ల దూరం ఉంచమన్నారు.

నిజంగా టెన్షన్ పెట్టిన విషయం వేరే. వానొస్తే షెడ్డులోకి జరుపుదామనుకున్నాను. తలుపు తీసి ఉన్నా సరే, వద్దే వద్దన్నారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. పిల్లలున్న ఇల్లు, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

బూడిదను మూతున్న ఇనుప డబ్బాలో 2 రోజులు చల్లారనిస్తున్నాను. తడి కట్టెలు మానేసి బాగా ఎండినవి వాడితే ఆ దట్టమైన తెల్లపొగ చాలావరకు తగ్గింది. వెలిగించే ముందురోజే పక్కింటావిడకు చెబుతున్నాను. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.