విధాత తలపున పాటలో "వీణియ"నా, "వేణియ"నా?

గుంటూరు_అమ్మ
అందరికీ నమస్తే. మా పాప ఏడో క్లాసు. వచ్చే ఆదివారం కాలనీ ప్రోగ్రాంలో సిరివెన్నెల సినిమాలోని "విధాత తలపున" పాడుతోంది. నెట్‌లో చూసి లిరిక్స్ నోట్‌బుక్‌లో రాసిచ్చాను. నిన్న మా అత్తయ్యగారు విని "ప్రాగ్దిశ వేణియ కాదమ్మా, వీణియ" అన్నారు. నేను చూసిన చోటల్లా వేణియ అనే ఉంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదిసార్లు విన్నా తేలట్లేదు. హీరో వేణువు వాయిస్తాడు కదా, వేణియ అంటే అదేనేమో అనుకున్నా. ఇంకోటి, "ఎద కనుమలలో" అంటే ఏంటి, కన్నులా? పాప అడిగితే చెప్పలేకపోయాను. అర్థం తెలియకుండా పాడించడం నాకు ఇష్టం లేదండీ.

తంబుర
మీ అత్తయ్యగారిదే కరెక్ట్. వెంటనే వచ్చే మాట చూడండి, "దినకర మయూఖ తంత్రులపైన". మయూఖం అంటే కిరణం, తంత్రి అంటే తీగ. వేణువుకి తీగలెక్కడివి? తూర్పు దిక్కే వీణ, సూర్యకిరణాలు దాని తీగలు, అప్పుడే నిద్ర లేచిన పక్షుల గుంపులు ఆకాశమనే వేదిక మీద స్వరాలు పలుకుతున్నాయి. ఈ బొమ్మంతా ఆ ఒక్క వీణ మీదే నిలబడింది, దాన్ని తీసేస్తే తీగలు గాల్లో వేలాడతాయి. పైగా పల్లవిలో "విపంచినై" అన్నారు కదా, విపంచి అన్నా వీణే. నోట్‌బుక్‌లో "కిలకిల త్వనముల" అని కూడా రాసుంటే దిద్దండి, అది స్వనముల. స్వనం అంటే ధ్వని. త్వనం అనే మాటే లేదు.

కృష్ణ_ఒడ్డు
నేను ఇన్నేళ్లూ వేణి అనే అనుకున్నానండీ. వేణి అంటే జడ, ప్రవాహం అని కూడా అర్థం ఉంది కదా, తూర్పు దిక్కు అనే అమ్మాయి జడ మీద సూర్యకిరణాలు పడుతున్నాయని ఊహించుకునేవాణ్ణి. అది తప్పంటారా?

తంబుర
ఊహ బాగుంది గానీ, జడ అనుకుంటే తంత్రులకి పని లేదు, స్వరాలకీ లేదు.

మన్యం_పిల్లోడు
కనుమలు అంటే కన్నులు కాదక్కా. రెండు కొండల మధ్య దారిని కనుమ అంటారు, తూర్పు కనుమలు అంటాం చూడండి, అదే మాట. మాది కొండల పక్క ఊరు. చిన్నప్పుడు గేదెల్ని తోలుకొస్తూ కనుమలో నిలబడి కేకేస్తే, అవతలి కొండ ఒక్క క్షణం ఆగి అదే కేక తిరిగిచ్చేది. అందుకే ఎద కనుమలలో "ప్రతిధ్వనించిన" అన్నారు. ముందు లైనులో కనుల కొలను, అందులో ప్రతిబింబం. కొలనులో బింబం కనిపిస్తుంది, కనుమలో ధ్వని తిరిగొస్తుంది. ఒకటి చూపు, ఒకటి వినికిడి. సినిమాలో హీరోకి చూపు లేదు, బొమ్మలు గీసే సుహాసినికి మాట లేదు. అలాంటి కథలో ఈ రెండు లైన్లు పక్కపక్కన పెట్టారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1986లో వచ్చిన ఈ సినిమా పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది, సిరివెన్నెల సీతారామశాస్త్రిగారు అయ్యారు. అవ్వరా మరి!

గుంటూరు_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే ఇద్దరం కూర్చుని ఎర్ర పెన్నుతో దిద్దాం. కనుమ సంగతి చెప్పగానే పాప వెళ్లి మెట్ల దగ్గర నిలబడి పల్లవి పాడి, గొంతు తిరిగొస్తోందా అని వింటోంది. అత్తయ్యగారు అయితే ఒకటే నవ్వు.

తంబుర
ఒక్క మాట. "ప్రాగ్దిశ"లో గ్ద ఒత్తు గట్టిగా పలికించండి, పిల్లలు స్పీడులో ప్రాదిశ అనేస్తారు. "జాగృత విహంగ తతులే" దగ్గర మధ్యలో ఊపిరి తీసుకోనివ్వద్దు, ముందే నిండుగా తీసుకోమనండి.