గురువారం బిన్‌లాగ్ ఉంది, బుధవారందే లేదు: ఎక్కించాలా, వద్దా?

పరకాల పిల్లగాడు:
ఏనుమాముల కాడ అడ్తి దుకాణం. లెక్కలన్నీ మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్‌ల ఉంటయి. గురువారం సాయంత్రం కరెంటు పోయింది, డేటాబేస్ లేస్తలేదు. ఆదివారం రాత్రి తీసిన డంప్ (డేటా మొత్తం కాపీ) ఉంది. బిన్‌లాగ్‌లు (డేటాల జరిగిన మార్పులు రాసుకునే ఫైళ్లు) రోజుకొకటి: సోమ, మంగళవారాలవి 41, 42, గురువారంది 44 ఉన్నయి. బుధవారంది 43, పెద్దగుందని జాగ కోసం ఎవరో డిలీట్ కొట్టిర్రు. పొద్దున మిర్చి దిగుతది. ఎట్ల?

కాజీపేట జంక్షన్:
సర్వీసు ఆపి డేటా ఫోల్డర్ మొత్తం ఇంకో డిస్కుకు కాపీ చెయ్యి. ఇగ పనంతా కాపీ మీదనే. ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ (చెడిన డేటాబేస్‌ను బలవంతంగ లేపే సెట్టింగు) 1 పెట్టి లేపు, లేవకుంటే 2, తర్వాత 3. లేచినంక ఒక్కో టేబుల్ డంప్ తియ్యి. చెడిన పేజీ (ఫైల్ల డేటా ముక్క) కాడ సర్వర్ పడి, కనెక్షన్ తెగిందని 2013 ఎర్రర్ వస్తది. అప్పుడు ఐడీ మొదటి నుంచి ఆడి దాకా, చివరి నుంచి వెనక్కి ఆడి దాకా తీసుకో. పేజీ 16 కేబీ, పోతే కొన్ని వరుసలు పోతయి. బుధవారం అందులనే ఉంటది.

హన్మకొండ డీబీఏ:
3తో లేవకపోతే 4 పెట్టమంటారు కదా? 4 నుంచి డేటా ఫైళ్లు శాశ్వతంగా చెడొచ్చని మాన్యువల్‌లోనే ఉంది. డంప్ ఎక్కించు, 41, 42 ఎక్కించు, ఆగు. డంప్ పైభాగంలో బిన్‌లాగ్ ఫైలు పేరు, పొజిషన్ ఉన్నాయా ముందు చూడు. లేకుంటే డంప్‌లో ఉన్నవే మళ్లీ పడి 1062 (డూప్లికేట్) ఎర్రర్ వస్తుంది.

భూపాలపల్లి:
యూపీఎస్ బ్యాటరీ ఎన్నేండ్లది?

కాజీపేట జంక్షన్:
కాపీ మీద అని చెప్పినంక గూడ 4 అంటే గంత భయమేంది? 4ల సెకండరీ ఇండెక్సుల (వెతకనీకి పెట్టిన అదనపు సూచికల) మీద నమ్మకం ఉండది. ప్రైమరీ కీ (వరుస అసలు ఐడీ) పట్టుకొని చదివి కొత్త సర్వర్ల పోస్తే ఇండెక్సులు కొత్తగ తయారైతయి. 5 జోలికి మాత్రం పోవద్దు, సగంల ఆగిన ట్రాన్సాక్షన్లు గూడ కమిట్ (ఖాయం) అయినట్టే లెక్కేస్తది.

మార్కెట్ లెక్కలు:
గింత లొల్లెందుకు? 44ను ఫోర్స్ ఆప్షన్‌తోని ఎక్కించు, ఎర్రర్లు దాటుకుంట పోతది.

హన్మకొండ డీబీఏ:
దాటుకుంటూ పోవడమే ప్రమాదం. బుధవారం పుట్టిన వరుసను గురువారం మారిస్తే వరుస దొరకలేదని 1032 ఎర్రర్, అది పోయినట్టే. ఎర్రర్ రానివి ఇంకా మోసం. రో ఫార్మాట్ బిన్‌లాగ్‌లో మార్పు తర్వాతి వరుస మొత్తం ఉంటుంది, దాన్నే తెచ్చి రాస్తుంది. రైతు బాకీ గురువారం నాటిది కనిపిస్తుంది, కింద బుధవారం ఎంట్రీలు ఉండవు. మొత్తం సరే, వివరం ఖాళీ!

కాజీపేట జంక్షన్:
మరి మీ లెక్కన మంగళవారం కాడ ఆపితే? బుధవారం తక్‌పట్టీ (అమ్మిన సరుకు లెక్క చీటీ) పట్టుకొని రైతు వస్తే కంప్యూటర్ల పేరే ఉండది. తిట్లు తినేది కౌంటర్ మీది గుమస్తా, మీరు గాదు.

హన్మకొండ డీబీఏ:
నా గొడవ 4 గురించి కాదన్నా. మీరు తవ్వి తీసిన వరుసలు సరైనవని ఎవరు చెప్పాలి? చెప్పకుండా కలిపేసి "అంతా వచ్చింది" అని పోయేవాళ్లను చూసే నాకీ మంట.

కాజీపేట జంక్షన్:
కలపమని నేనెప్పుడన్న? తవ్వింది వేరే డేటాబేస్‌ల పెట్టాలె. సేటుకు చూపెట్టి తక్‌పట్టీ బుక్కుతోని టిక్కు కొట్టించినంకనే కలుపుడు.

హన్మకొండ డీబీఏ:
ఆ మాట మొదట్లోనే రాయాల్సింది. అట్లయితే 44ను కూడా టెస్ట్ డేటాబేస్‌లో ఎక్కించి, బాకీకీ ఎంట్రీల మొత్తానికీ తేడా తీయండి. తేడా వచ్చిన ఖాతాలు బుధవారం కదిలినవి, ముందు వాటి పట్టీలే వెతకాలి. గురువారం కదలని ఖాతాలు మాత్రం ఇందులో దొరకవు.

పరకాల పిల్లగాడు:
3తోని లేచింది. పట్టీల టేబుల్ల 2013 వచ్చింది, వెనక నుంచి తీస్తున్న. బుధవారం తారీఖులు కనబడుతున్నయి.

భూపాలపల్లి:
బ్యాటరీ సంగతి చెప్పకపోతివి.