పుస్తకాల షాపులో రచయితతో ముఖాముఖి: లోపలికి రావడానికి వంద రూపాయలు అడగొచ్చా?

ఏలూరు రోడ్డు:
అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక చిన్న పుస్తకాల షాపులో పనిచేస్తాను. బ్రాంచీలు లేవు, ఓనరు గారి కుటుంబమే నడుపుకుంటుంది. నెలనెలా ఒక రచయితను పిలిచి పాఠకులతో కూర్చోబెడతాం. నెలకో పుస్తకం అనుకుని బుక్ క్లబ్ కూడా పెడతాం. ఇప్పటిదాకా రెండూ ఉచితమే. వచ్చే నెల నుంచి ముఖాముఖికి మనిషికి 100 రూపాయల కూపన్ పెడదామని ఓనరు గారు అంటున్నారు. ఆ రోజు షాపులో ఏ పుస్తకం కొన్నా ఆ వంద బిల్లులో తగ్గిస్తాం. కొనకపోతే వంద షాపుకి. నేను కూపన్ పక్షం. ఎందుకో చెప్తాను.

పోయిన నెల సంగతే తీసుకోండి. మధ్యాహ్నం నుంచే బల్లలన్నీ గోడవారకి జరిపి, కుర్చీలు అద్దెకి తెచ్చి వేశాం. కుర్చీలకి, ఫ్లెక్సీకి, టీలకి కలిపి 1,500 దాకా అయింది. నాలుగింటి నుంచి మామూలు బేరం లేదు, అల్మరాల దగ్గరికి వెళ్లడానికి దారే లేదు కాబట్టి. షాపు నిండింది, చర్చ చాలా బాగా సాగింది. అంతా అయ్యాక అమ్ముడైనవి ఆరు కాపీలు. 200 రూపాయల పుస్తకం, మాకొచ్చేది 40 శాతం, ధరలో పది శాతం కొన్నవాళ్లకి తగ్గించాం. పుస్తకానికి 60 చొప్పున మిగిలింది 360. సంతకం కోసం నిలబడ్డవాళ్లలో సగం మంది చేతుల్లో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కాపీలే. ఒకాయన రచయిత దగ్గరికొచ్చి "ఒక కాపీ ఇవ్వండి సార్, చదివి అభిప్రాయం రాస్తాను" అన్నారు. ఆయన కాదనలేక ఇచ్చేశారు.

ఇలా ఇంకెన్నాళ్లు నెట్టుకురాగలం? మీరేమంటారు?

తెనాలి మేష్టారు:
బాబూ, మీ కష్టం అర్థమైంది. అయినా ఒప్పుకోలేను. మీరు ఏ ఊళ్లో ఉండి ఈ మాట అంటున్నారో ఆలోచించండి. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది బెజవాడలోనే. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం మొదలైంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో పడవ మీద పుస్తకాలు తిప్పారు, చదివేవాళ్లు రేవు దగ్గరికొచ్చి తీసుకునేవాళ్లు. ఇవన్నీ చందాలతో, దాతల చలవతో నడిచాయి గానీ గుమ్మంలో డబ్బడిగి కాదు. వంద రూపాయలు నా పెన్షనుకి బరువు కాదు. హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే కుర్రాడికి అది వారం చేతిఖర్చు. వాడు గుమ్మం దాకా వచ్చి, కూపన్ అని వినగానే వెనక్కి పోతాడు. మళ్లీ ఆ షాపు మెట్లెక్కడు. రేపు మీ దగ్గర కొనాల్సినవాడు వాడే కదా.

నల్లకుంట చదువరి:
మేష్టారూ, నమస్తే. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి పది రూపాయల టికెట్ ఉంది. డిసెంబరు వచ్చిందంటే ఆ గేటు దగ్గర కాలేజీ పిల్లలే ఎక్కువ. డబ్బు తీసుకోవడమే తప్పని నేననుకోను.

కానీ డబ్బు తీసుకుంటే మాకేమిస్తారు? నేను సభలకి వెళ్లడం తగ్గించింది డబ్బు గురించి కాదు. ఆహ్వానపత్రంలో సాయంత్రం ఆరు అని ఉంటుంది. ముఖ్య అతిథి ఏడుంబావుకి వస్తారు. వేదిక మీద ఆరుగురు, ఒక్కొక్కరూ పుస్తకంలోని కథలన్నీ మొదట్నుంచీ చెప్పేస్తారు. తర్వాత శాలువాలు, ఫొటోలు. రచయితకి మైకు దొరికేసరికి తొమ్మిది. పాఠకులు ప్రశ్న అడగడానికి టైం ఉండదు. ఒంటరిగా ఇల్లు చేరాల్సిన ఆడవాళ్లం ఎనిమిదికే లేచి వచ్చేస్తాం, ఎవరి మాట వినడానికి వెళ్లామో ఆ మాట వినకుండానే. ఆరంటే ఆరుకి మొదలుపెట్టండి, వేదికా అతిథులూ లేకుండా రచయితని, చదివిన ఒక్కరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి, ఏడున్నరకి ముగించండి. వంద కాదు, రెండొందలైనా ఇస్తాను.

రెండో సంపుటి:
నేను కథలు రాస్తాను. నా వైపు నుంచి కూడా వినండి. తెలుగులో నాలాంటివాళ్లు సొంత డబ్బుతోనే పుస్తకం వేసుకుంటారు. ఐదొందల కాపీలు వేస్తే అందులో వందకి పైగా సమీక్షకులకి, మిత్రులకి, పెద్దలకి కాంప్లిమెంటరీగా పోతాయి. ఊరికే అందిన పుస్తకాన్ని చాలామంది తెరవను కూడా తెరవరు. డబ్బిచ్చి కొన్నవాళ్ల నుంచే నాకు ఫోన్లు వచ్చాయి, అందులో తిట్లు కూడా ఉన్నాయి. వాళ్లు చదివారు కాబట్టి తిట్టారు. అందుకే కూపన్ ఆలోచన నాకు నచ్చింది.

భయం కూడా ఉంది. పేరున్నవాళ్లయితే జనం వంద ఇచ్చి వస్తారు. మొదటి పుస్తకం వేసుకున్న అమ్మాయి కోసం ఎవరిస్తారు? కుర్చీలు ఖాళీగా కనిపిస్తే ఓనరు గారు తర్వాతిసారి పేరున్నవాళ్లనే పిలుస్తారు. అప్పుడు కొత్తవాళ్లకి చిన్న షాపు గుమ్మం కూడా మూసుకుపోతుంది. మొదటి పుస్తకాల వరకు కూపన్ వద్దు.

మిషిగన్ నుంచి:
ఇక్కడ ఈ తగువు చాలా ముందే నడిచింది. 2011లో కొలరాడోలో బౌల్డర్ బుక్ స్టోర్ రచయితల సభలకి మనిషికి 5 డాలర్లు పెట్టింది, పుస్తకం కొంటే అది బిల్లులో తగ్గించేట్టు. కాలిఫోర్నియాలో కెప్లర్స్ 10 డాలర్ల గిఫ్ట్ కార్డు కొనమంది, దాంతో ఇద్దరు రావచ్చు. మీ ఓనరు గారి ఆలోచన సరిగ్గా ఇదే. కారణమూ ఇదే: షాపులో చూసి, విని, ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో కొనుక్కోవడం.

బుక్ క్లబ్ గురించి ఒక మాట. డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచి నెలనెలా పుస్తక చర్చలు పెడుతోంది. పక్క వీధిలో తెలుగు పుస్తకాల షాపు లేని చోట అన్నేళ్లు నిలబడింది. చర్చకి షాపు తప్పనిసరి కాదు మరి. మీ షాపు మూతపడినా బుక్ క్లబ్ ఎవరింట్లోనో జరుగుతుంది. దెబ్బ తినేది అనుకోకుండా షాపులోకి వచ్చి ఒక మూల నిలబడి వినే కొత్త మనిషి. షాపు నిలబడాలంటున్నది ఆ మనిషి కోసమే. అందుకని నా ఓటు కూపన్‌కి.

తెనాలి మేష్టారు:
అమెరికాలో ఐదు డాలర్లూ, ఇక్కడ వంద రూపాయలూ ఒకటి కాదు నాయనా. పైగా ఆ అనుకోకుండా వచ్చిన మనిషినే కదా మీరు గుమ్మంలో ఆపేది! హైదరాబాదులో లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. పుస్తక చర్చో, నాటకమో, పాటో, అక్కడ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. జనం క్యాంటీన్‌లో చాయ్, సమోసా తీసుకుంటారు, ఆ డబ్బూ ఖర్చులకి అక్కరకొస్తుంది. మీరూ టీ అమ్మండి. వినడానికి మాత్రం డబ్బు అడగొద్దు.

ఏలూరు రోడ్డు:
మేష్టారూ, మా షాపులో స్టవ్వు పెట్టే జాగా లేదండి, కాగితం మధ్య నిప్పు కూడా మంచిది కాదు. టీ బయట నుంచి ఫ్లాస్కుల్లో తెప్పిస్తాం.

షాపు బతకడానికి ఇంతకుముందు ఇంకో దారి ఉండేది. నూజివీడు నుంచి, నర్సీపట్నం నుంచి ఫోన్ చేస్తే రిజిస్టర్డ్ బుక్‌పోస్టులో తక్కువ ఖర్చుతో పంపేవాళ్లం. 2024 డిసెంబరులో తపాలా శాఖ దాన్ని తీసేసింది. ఆ తర్వాత 150 రూపాయల పుస్తకానికి కొరియర్ ఖర్చు చెప్తే అవతల "వద్దులెండి" అని పెట్టేసేవాళ్లు. అందుకే షాపులోకి వచ్చిన మనిషి మాకు అంత ముఖ్యం.

బుక్ క్లబ్ బాధ వేరే ఉంది. పుస్తకం పేరు ప్రకటించిన మర్నాడే దాని పీడీఎఫ్ ఎవరో వాట్సాప్ గ్రూపులో పెడతారు. రచయిత కూడా అదే గ్రూపులో ఉంటారు. చర్చ రోజు సగం మంది ఫోన్లు చూసుకుంటూ పేజీ నంబర్లు చెప్తుంటే, ఆ రచయిత ముఖం చూడలేకపోయాను.

నల్లకుంట చదువరి:
పీడీఎఫ్ పెట్టినవాళ్లని గ్రూపులోంచి తీసేయండి. అందులో మొహమాటం అక్కర్లేదు. కొనలేనివాళ్ల కోసం రెండు కాపీలు షాపులోనే ఉంచండి, అక్కడే కూర్చుని చదువుకుంటారు. మేష్టారు చెప్పిన కుర్రాడి సంగతీ అంతే. విద్యార్థి కార్డు చూపిస్తే కూపన్ లేదనండి. ఆన్‌లైన్‌లో కొనుక్కొచ్చి సంతకం పెట్టించుకునే మాలాంటి జీతగాళ్లం మాత్రం వంద కట్టాల్సిందే.

తెనాలి మేష్టారు:
కార్డు చూపించమనడం కూడా నాకు నచ్చదమ్మా. పేదవాణ్ని నలుగురిలో నిలబెట్టి అడిగినట్టుంటుంది. అడగకుండానే వదిలేసే పద్ధతి పెట్టండి. ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు.

బెంగళూరు తెలుగు:
ఇవ్వగలిగినవాళ్లు తమంతట తామే ఇవ్వరు మేష్టారూ, అడిగితే ఇస్తారు. ప్యారిస్‌లో సిల్వియా బీచ్ నడిపిన షేక్‌స్పియర్ అండ్ కంపెనీ అనే పుస్తకాల షాపు 1930ల మాంద్యంలో మూతపడబోయింది. ఆంద్రే జీద్ వంటి రచయితలే ముందుకొచ్చి, ఏడాదికి 200 ఫ్రాంకుల చందాతో మిత్రమండలి పెట్టారు. చందాదారుల కోసం ఆ చిన్న షాపులోనే జీద్, వలేరీ, ఎలియట్ తమ రచనలు చదివారు. అది గుమ్మంలో టికెట్ కాదు, మీరు చెప్పిన చందానే. వేటపాలెం పద్ధతికి ఇదేమంత దూరం? విజయవాడ షాపు కూడా ఏడాది చందా పెట్టి, ఆ డబ్బుతో మిగతావాళ్లకి గుమ్మం తెరిచి ఉంచొచ్చు.

తెనాలి మేష్టారు:
చందా అయితే నా పేరు మొదట రాసుకోండి. గుమ్మంలో వసూలుకి మాత్రం ఇప్పటికీ వ్యతిరేకినే.

రెండో సంపుటి:
చందా అనండి, కూపన్ అనండి, రచయితగా నాదొక ప్రశ్న. ఈ ఊరని కాదు, చాలా చోట్ల షాపుల్లో పుస్తకాలు ఇచ్చి వస్తాం. ఎన్ని అమ్ముడయ్యాయో ఏడాదైనా చెప్పరు. ఫోన్ చేస్తే "స్టాకు చూసి చెప్తాం" అంటారు. అడిగీ అడిగీ చివరికి వదిలేసిన లెక్కలు నాకున్నాయి. పాఠకుల్ని షాపు కోసం వంద ఇమ్మంటున్నప్పుడు, షాపు రచయితకి లెక్క చెప్పాలి కదా. మీరు చెప్తారా?

ఏలూరు రోడ్డు:
న్యాయమైన ప్రశ్న అండీ. ఓనరు గారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. ముఖాముఖి రోజు అమ్మిన కాపీల డబ్బు ఆ రాత్రే రచయిత చేతిలో పెడదామన్నారు. మిగతా స్టాకు లెక్క మూడు నెలలకోసారి. మొదటి పుస్తకాలకి కూపన్ ఉండదు. మొదలు ఆరింటికి, ముగింపు ఏడున్నరకి, వేదిక లేదు. ఏడాది చందా 500 అయితే బాగుంటుందేమో అంటున్నారు గానీ, చందాదారులకి పుస్తకాల మీద ఎంత తగ్గించాలో తేలలేదు. పది శాతం అని నేను, పదిహేను అని వాళ్లమ్మాయి. విద్యార్థుల్ని కార్డు అడగాలా వద్దా అన్నదాని మీద షాపులో కూడా రెండు జట్లు అయ్యాయి. దానిమీద ఇంకెవరైనా రాయండి.