ఫర్ హూమ్ ది బెల్ టోల్స్: ఆ వంతెన పేల్చి ఏం సాధించినట్టు? (కథ మొత్తం చెప్పేస్తున్నా, చదవనివాళ్ళు ఇక్కడే ఆగండి)

సగంలో_ఆపేసినోడు:
మూడుసార్లు మొదలెట్టి వదిలేసిన పుస్తకం, నిన్న రాత్రి రెండింటికి మొత్తానికి అయ్యిందనిపించా. హెమింగ్వే 1940లో రాసింది. స్పెయిన్ అంతర్యుద్ధం, 1937 మే నెలాఖరు, సెగోవియా దగ్గర కొండలు. రాబర్ట్ జోర్డన్ అని అమెరికాలో స్పానిష్ పాఠాలు చెప్పుకునేవాడు ఫ్రాంకో తిరుగుబాటు సైన్యంతో పోరాడుతున్న రిపబ్లిక్ ప్రభుత్వం తరఫున వచ్చి గెరిల్లాలతో కలిసి ఒక వంతెన పేల్చాలి, అక్కడే మరియా అనే అమ్మాయితో ప్రేమ, కథంతా మూడు రోజుల చిల్లరే.

నా డౌట్ ఏంటంటే, మనవాళ్ళ (రిపబ్లిక్) దాడి సంగతి అవతలోళ్ళకి తెలిసిపోయిందని జోర్డన్‌కి అర్థమైంది, దాడి ఆపమని దాన్ని నడిపించే జనరల్ గోల్జ్‌కి చీటీ రాసి ఆండ్రెస్ అనే గెరిల్లాతో పంపాడు కూడా. అయినా తెల్లారి పేల్చేశాడు. పాపం అన్సెల్మో ముసలాయన అక్కడే పోయాడు, తర్వాత వీడి కాలు విరిగింది. దీన్ని త్యాగం అనాలా మొండితనం అనాలా? ఇంకోటి, మూడు రోజుల్లో అంత ప్రేమేంటండీ, మన సినిమాల్లో కూడా ఇంటర్వెల్ దాకా టైం తీసుకుంటారు కదా.

కాఫీ_చల్లారింది:
మొండితనం కాదు బ్రో. చీటీ అందిందో లేదో జోర్డన్‌కి ఎలా తెలుస్తుంది? పేల్చకుండా కూర్చుని, అటు దాడి మొదలైపోతే? అదే వంతెన మీంచి ఫ్రాంకో సైన్యానికి కొత్త బలగం దిగుతుంది, ముందుకెళ్ళిన వాళ్ళంతా చచ్చిపోతారు. ఆపమని కబురు రానంతవరకూ వాడికి వేరే దారి లేదు. నాకు అసలు మంటెక్కింది ఆండ్రెస్ ప్రయాణంలో. సొంత పక్షం సెంట్రీలే నమ్మరు, ఒక్కో చోటా ఆపుతారు, తీరా ఆంద్రే మార్తీ చేతిలో పడితే ఆయన కాగితం జేబులో పెట్టుకుని వీళ్ళనే అరెస్ట్ చేయిస్తాడు. ఈ మార్తీ కల్పిత పాత్ర కాదు, రిపబ్లిక్ కోసం వచ్చిన విదేశీ వాలంటీర్ల దళాలు ఇంటర్నేషనల్ బ్రిగేడ్స్‌ని నడిపిన ఫ్రెంచ్ కమ్యూనిస్టు నాయకుడే, పేరు కూడా మార్చకుండా పెట్టాడు. చీటీ చేరేసరికి విమానాలు గాల్లో ఉన్నాయి. మన ఆఫీసుల్లో ఫైల్ తిరిగినట్టే తిరిగింది, కాకపోతే ఇక్కడ దానికి ప్రాణాలు పోయాయి.

పిలార్_ఫ్యాన్:
ప్రేమ గురించి నేను చెప్తా. జోర్డన్ ఒకచోట డెబ్భై ఏళ్ళ బతుకుని డెబ్భై గంటల్లో కూడా బతికేయొచ్చేమో అని లెక్కేసుకుంటాడు చూడండి, వాడికి తెలుసు ఇంకెంతో టైం లేదని, అందుకే ఆ తొందర. అది నాకు ఓకే. నాకు నచ్చనిది మరియాని రాసిన తీరు. అమ్మానాన్నల్ని కళ్ళముందే కాల్చేశారు, జుట్టు గొరిగి పాడుచేశారు, అంత జరిగిన పిల్లకి సొంత కోపమంటూ ఉండదా, ఎప్పుడు చూసినా నీకేం కావాలి నీకేం చెయ్యాలి అనడమేనా? ఆవిడ కన్నా ఆ గెరిల్లా గుంపులోని పెద్దావిడ పిలార్ వందరెట్లు బతికున్న మనిషి. పదో చాప్టర్‌లో, ఊళ్ళో ఫాసిస్టుల్ని ఒక్కొక్కళ్ళనే బయటికి పంపి, నూర్పిడి కర్రలతో కొడుతూ లోయలోకి తోసేసింది తన మొగుడు పాబ్లో మనుషులే అని ఏమీ దాచకుండా చెప్తుంది. మనోళ్ళు చేసిన ఘోరం మనమే చెప్పుకోవడం ఎంత కష్టం! నేనైతే ఆ చాప్టర్ తర్వాత రెండ్రోజులు పుస్తకం ముట్టుకోలేదు.

రాత్రిపూట_చదువు:
మీరు మూడుసార్లు వదిలేసింది ఆ పాతకాలం ఇంగ్లీషు వల్లేనా? దీ, దౌ అంటూ. స్పానిష్‌లో తు, ఉస్తెద్ అని రెండున్నాయి, అచ్చం మన నువ్వు, మీరు లాగా, ఇంగ్లీషులో అది లేక హెమింగ్వే అలా తిప్పలు పడ్డాడు. నేను మనసులో నువ్వు, మీరు అనుకుంటూ చదివా, చక్కగా సాగిపోయింది. బూతులుండాల్సిన చోట 'అబ్సీనిటీ' అని పెట్టడం మాత్రం, సెన్సార్ బీప్ చెవిలో మోగినట్టే ఉంటుంది హహ. ఇంకోటి, 1941లో పులిట్జర్ అనే అమెరికా సాహిత్య బహుమతిని బోర్డు దీనికే ఇద్దామంటే కొలంబియా యూనివర్సిటీ ప్రెసిడెంట్ అడ్డుపడ్డాడు, ఆ ఏడు నవలకి అసలు ప్రైజే ఇవ్వలేదు.

సగంలో_ఆపేసినోడు:
నువ్వు-మీరు ఐడియా ముందే తెలిసుంటే మూడేళ్ళు మిగిలేవి 🙏 చీటీ విషయంలో మీదే కరెక్ట్, ఒప్పుకుంటున్నా. పొద్దున చివరి పేజీలు మళ్ళీ చూశా. కాలు విరిగి పైన్ ఆకుల మీద బోర్లా పడుకుని జోర్డన్ గురి పెట్టింది ఫ్రాంకో వైపు లెఫ్టినెంట్ బెర్రెండోకి కదా, ఇంకో గెరిల్లా గుంపు నాయకుడు ఎల్ సోర్దోతో పోరాడిన కొండ మీద చచ్చిపోయిన స్నేహితుడి కోసం ప్రార్థన చేసుకున్నది అతనే. రాత్రి నిద్రమత్తులో ఆ పేరు గుర్తుపట్టలేదు.