ముఖానికి అచ్చు తీయగలిగినప్పుడు శిల్పి ఎందుకు?

గట్టుమీద: మా హైస్కూలు పూర్వ విద్యార్థులం కలిసి మా హెడ్మాస్టారి విగ్రహం చేయిద్దామనుకుంటున్నాం. బతికుండగా విగ్రహమేంటని అడ్డుపడినవాళ్లు ఇప్పుడు సర్దుకున్నారు. మాస్టారి ముఖానికి నేరుగా అచ్చు తీయిస్తే చాలదా, మట్టితో మలిచే శిల్పికి వేరే డబ్బెందుకు అన్నది ఇప్పుడు గొడవ.

నల్లరేగడి: అచ్చే తీయించండి. మన ఊళ్లల్లో సగం విగ్రహాలు కింద పేరు చదివితే గానీ ఎవరివో తెలియవు. శిల్పులకు అచ్చంటే చిన్నచూపు. 1877లో ఫ్రెంచి శిల్పి రోడిన్ ‘కంచు యుగం’ విగ్రహం చూపిస్తే, మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడని నింద వేశారు. ఆ పరువు గొడవ వాళ్లది. మనకు మాస్టారు మాస్టారిలా కనపడాలి.

మట్టిచేతులు: రోడిన్ సంగతి సగమే చెప్పారు. తేడా చూసుకోండని ఆయన తన మోడల్ ఫొటోలు, ఒంటి అచ్చులు పంపాడు. 1880లో ఫ్రెంచి ప్రభుత్వమే ఆ విగ్రహం కొన్నది.

అచ్చులో కొలతలు వస్తాయి, చర్మం మీది ముడతలూ వస్తాయి. పోలిక కూడా వస్తుందనుకోకండి. ముక్కు రంధ్రాలు వదిలి ముఖమంతా ఆల్జినేట్ అనే మెత్తటి ముద్ద పూస్తారు, పళ్ల అచ్చులకు డాక్టర్లు వాడేదే. కొన్ని నిమిషాల్లో బిగుస్తుంది. పైన ప్లాస్టర్ బ్యాండేజీ వేస్తారు. అంతసేపూ కళ్లు మూసుకుని, పెదాలు కదపకుండా ఉండాలి. పెద్ద వయసువాళ్ల బుగ్గలు ఆ బరువుకు జారతాయి కూడా. చివరికి చేతికొచ్చేది నిద్రపోతున్న ముఖం. మీ మాస్టారు మీకు అలాగేనా గుర్తున్నారు?

1785లో ఫ్రెంచి శిల్పి ఊడాన్ అమెరికా నేత జార్జ్ వాషింగ్టన్ ముఖానికి అచ్చు తీశాడు. అక్కడితో ఆగలేదు, ఆయన ఎదుటే మట్టితో తల కూడా చేశాడు. కనుపాపను లోతుగా తవ్వి, వెలుగు పడేలా చిన్న తునక వదిలేయడం ఊడాన్ పనితనం. అది ఏ అచ్చులోనూ రాదు.

నల్లరేగడి: అచ్చు లేకపోతే ఊడాన్‌కీ ఆధారం లేదు కదండీ. లింకన్ ముఖానికి, చేతులకు వోల్క్ అనే శిల్పి 1860లో అచ్చులు తీశాడు. చికాగోలో 1887 నాటి లింకన్ విగ్రహానికీ, వాషింగ్టన్ నగరంలోని లింకన్ స్మారకంలో కూర్చున్న విగ్రహానికీ శిల్పులు వాటినే వాడుకున్నారు.

మట్టిచేతులు: అవే అచ్చులు, అయినా ఇద్దరు శిల్పులు, రెండు వేర్వేరు లింకన్‌లు! నేను చెబుతున్నదీ అదే. గట్టుమీద గారూ, అచ్చు తీయించండి, చేతులకు కూడా. మాస్టారికి ఆయాసం ఉందేమో ముందే కనుక్కోండి. అచ్చుతో పాటు నవ్వుతున్నవి, పాఠం చెబుతున్నవి నాలుగు పక్కల ఫొటోలు శిల్పికివ్వండి. డబ్బు తగ్గించాల్సి వస్తే కంచు మానుకుని ఫైబర్‌లో పోయించండి, మట్టి పనిలో మాత్రం తగ్గించకండి.